టికెట్ డబ్బులు వచ్చేదాకా

అమెరికాలో ఒక యూనివర్సిటీలో రెండేళ్ళు తెలుగు చెప్పాను. ఎనభైల మొదట్లో మాట. కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో లెక్చరర్‌గా ఉన్నదాన్ని, సెలవు పెట్టి, మావారినీ ఇద్దరు పిల్లల్నీ వదిలి వెళ్ళాను. అప్పటికి అమ్మాయికి తొమ్మిదేళ్ళు, అబ్బాయికి నాలుగు. మావారు ఇంకో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. భర్త పోయిన మా పెద్దాడపడుచు మా దగ్గరే ఉండేది. పిల్లల్ని ఆవిడ చూసుకుంటానంది. ఇల్లు కట్టి అప్పుల్లో కూరుకుపోయి ఉన్నాం. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే గట్టెక్కుతాం అన్నారు మావారు. కళ్ళు మూసుకోవలసింది నేనా, ఆయనా అని ఒకర్నొకరం అడగలేదు.

నా క్లాసులో మొదటి ఏడు ముగ్గురు, రెండో ఏడు ఇద్దరు. ఒకతను మన పల్లెటూళ్ళ మీద పరిశోధన చేయబోతున్నవాడు. ఒకమ్మాయి కూచిపూడి నేర్చుకుంటోంది. మూడోవాడు ఎందుకు చేరాడో, ఎందుకు మానేశాడో నాకు చివరిదాకా తెలియలేదు. ‘ళ’ పలకడానికి వాళ్ళు పడ్డ పాట్లూ, మంచు మీద జారకుండా నడవడానికి నేను పడ్డ పాట్లూ సమానమే. నా వెనక వాళ్ళు నవ్వుకునేవాళ్ళు, వాళ్ళ వెనక నేను. సాయంత్రం గదికొచ్చి బూట్లు విప్పితే, మళ్ళీ లేచి అన్నం వండుకోవడానికి ఓపిక ఉండేది కాదు. పెరుగూ బ్రెడ్డూ తిని పడుకున్న రోజులే ఎక్కువ.

జీతంలో నా తిండికీ గదికీ పోను మిగిలినదంతా ఇంటికి పంపేదాన్ని. రెండో ఏడు వసంతంలో, ఇంకొంత పంపితే అప్పు మొత్తం తీరిపోతుందని మావారు రాస్తే, బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి డ్రాఫ్టు తీసి పంపేశాను. తిరుగు ప్రయాణం గురించి భయం లేదు. కాంట్రాక్టులో విమానం ఖర్చు యూనివర్సిటీ ‘రీయింబర్స్’ చేస్తుందని స్పష్టంగా ఉంది. ఇంగ్లీషులో ఎమ్మే చదవకపోయినా ఆ మాట తెలియనిదాన్ని కాను. కానీ ఆ మాటలో ‘ఇస్తారు’ అన్నదే నాకు కనిపించింది. ‘ముందు నువ్వు పెట్టుకుంటే’ అన్నది కనిపించలేదు.

మే నెలలో పరీక్షలైపోయాక డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్ళాను. సెక్రటరీ అరవైకి దగ్గర పడిన అమెరికన్ ఆవిడ. రెండేళ్ళూ నన్ను బాగానే చూసుకుంది. చలికోటు కొనిపెట్టింది కూడా ఆవిడే. టికెట్ ఎప్పుడిస్తారని అడిగాను.

“టికెట్ మేమివ్వం. మీరు కొనుక్కోవాలి. ఇల్లు చేరాక, టికెట్ పుస్తకంలో మీ దగ్గర మిగిలే ఆఖరి కాగితం, విమానాలెక్కిన బోర్డింగ్ పాసులు మాకు పోస్టులో పంపితే, అవి చూసి చెక్కు పంపుతాం,” అంది.

“నాకు డబ్బు కావలసింది ఇల్లు చేరడానికే కదండీ?” అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “మీలాంటి టీచర్లు వచ్చినప్పుడల్లా ఇదే గొడవ. ఇంటికి వెళ్ళినట్టు రుజువు లేకుండా డబ్బిస్తే వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోతారని పైవాళ్ళ అనుమానం,” అంది. కొంచెం ఆలోచించి, చైర్మన్ సంతకం చేస్తే అడ్వాన్సుగా ఇప్పించవచ్చనీ, కానీ ఆయన వేసవికి యూరప్ వెళ్ళారనీ, ఉత్తరం రాస్తాననీ చెప్పింది.

కాంట్రాక్టు అయిపోయాక దేశం వదలడానికి వీసా మీద నెల రోజుల గడువుంది. గది మాత్రం మే నెలాఖరుకే ఖాళీ చేయాలి. జూన్‌లో బడి తెరిచే రోజుకి వచ్చి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానని మా అబ్బాయికి రాశాను. వాణ్ణి ఒకటో తరగతికి కొత్త బడిలో వేస్తున్నారు.

ఆ దేశంలో నాకు తెలిసిన తెలుగువాళ్ళు నలుగురైదుగురికి మించి లేరు. అందులో చనువున్నది ఒక్క కుటుంబమే. డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండేవాళ్ళు. ఉగాదికి అక్కడి తెలుగువాళ్ళు పంచాంగ శ్రవణం పెట్టి, చదవడానికి మనిషి లేక నన్ను పిలిచారు. ఆ రాత్రి వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆయన వరంగల్ వైపు మనిషి, కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆమెది తెనాలి. డాక్టరు. ఇండియాలో డాక్టరీ చదివినా ఇక్కడ మళ్ళీ కొన్నేళ్ళు ఆసుపత్రిలో రెసిడెన్సీ అని చేయాలి. పేరుకి శిక్షణ, నిజానికి వెట్టిచాకిరి. రెండు రోజులు పగటి డ్యూటీ, మూడో రోజు పగలూ రాత్రీ కలిపి డ్యూటీ. వాళ్ళకి నాలుగేళ్ళ పాప.

వెళ్ళొస్తానని చెప్పడానికి ఫోన్ చేశాను. డబ్బు అడగాలని కాదు. మాటల్లో సంగతి బయటపడింది.

“అయ్యో, ఆ డబ్బులు వచ్చేదాకా అక్కడ ఒక్కరూ ఎందుకక్కా? మా ఇంటికి వచ్చేయండి. ఈయన వచ్చి పిక్ చేసుకుంటారు,” అంది డాక్టరమ్మ. ఆ గొంతులో ఎంత ఆపేక్ష వినబడిందంటే, ఫోన్ పెట్టేశాక గదిలో కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఆయన శనివారం ఐదారు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చి నన్నూ నా రెండు పెట్టెల్నీ తీసుకెళ్ళాడు. దారిలో ఎక్కువ మాట్లాడలేదు. వాళ్ళ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారట. “ప్రతి శుక్రవారం ఎవరి టేబుల్ ఖాళీ అయితదో తెల్వదు మేడం. ఈ వారం నేను బచాయించిన,” అన్నాడు. అంతే.

ఇల్లంటే రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్. వెళ్ళేసరికి సింకు నిండా గిన్నెలు. సోఫా మీద ఉతికి మడత పెట్టని బట్టలు కొండలా ఉన్నాయి. పాప ఆ బట్టల మధ్య కూర్చుని టీవీ చూస్తూ పాలు పోయని కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలోంచి చేత్తో తీసుకుని తింటోంది. డాక్టరమ్మ నన్ను కౌగిలించుకుని, “ఇల్లు ఇలా ఉందని ఏమీ అనుకోకండక్కా. పాపని చూసే ఆవిడ పోయిన వారం ఫ్లోరిడా వెళ్ళిపోయింది. రోజుకొకళ్ళింట్లో దింపి నెట్టుకొస్తున్నాం,” అంది. నేను చీర కొంగు బిగించి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. ఎవరూ చెప్పలేదు. నాకూ చేతులు ఊరుకోలేదు.

సోమవారం పొద్దున్న ఆమె కోటు వేసుకుంటూ, “అక్కా, ఈ రెండు రోజులూ పాపని కాస్త చూస్తారా? ఎవరినో ఒకర్ని చూసుకుంటాను,” అంది. చూస్తానన్నాను. రెండు రోజులు వారమయ్యాయి. వారం తరవాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

పాపకి తెలుగు అర్థమయ్యేది. మాట్లాడితే సగం మాటలు మింగేసేది. “ఆంటీ, మిల్క్ వద్దు. ఆపిల్ కావాల్,” అనేది. ‘కావాలి’లో ఆఖరి ‘లి’ ఎప్పుడూ పలికేది కాదు. నేను పదిమార్లు సరిదిద్దాను. పదకొండోసారి ఆపిల్ కోసి ఇచ్చి ఊరుకున్నాను. రెండేళ్ళు జీతం తీసుకుని దిద్దిన నోరు. ఇక ఓపిక లేదు. మధ్యాహ్నం దాన్ని పక్కన వేసుకుని పడుకుంటే, దాని చెయ్యి నా మెడ మీద పడేది. నిద్రలో ఒక్కోసారి, ఆ చెయ్యి మా అబ్బాయిదనుకునేదాన్ని. మెలకువ వచ్చాక లెక్క సరిచూసుకుంటే, ఆ చెయ్యి నేను వదిలివచ్చిన నాలుగేళ్ళ పిల్లాడిది. ఇప్పుడు వాడికి ఆరు.

వంట నాదే అయింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన డబ్బా పాలకూర కరిగించి పప్పులో వేసేదాన్ని. పాన్‌కేక్ పిండిలో బియ్యప్పిండీ పుల్ల మజ్జిగా కలిపి దోసెలు పోసేదాన్ని. ఆయన తినేటప్పుడు, “మస్తున్నయి మేడం,” అనేవాడు. డాక్టరమ్మ రాత్రి డ్యూటీ చేసి మర్నాడు సాయంత్రం వచ్చేది. బూట్లతోనే బల్ల ముందు కూర్చుని కంచంలో అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ నిద్రపోయేది. ఒకరోజు నేనే ముద్దలు కలిపి చేతిలో పెట్టాను. కళ్ళు తెరవకుండానే తింది. ఆ పిల్ల నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది.

ప్రతి సోమవారం డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసేదాన్ని. వాళ్ళ ఫోను మీద దూరపు కాల్, బిల్లు వాళ్ళకి పడుతుందని రెండు మాటల్లో ముగించేదాన్ని. “ఇంకా జవాబు రాలేదు, చాలా సారీ,” అనేది సెక్రటరీ. నిజంగానే బాధపడేది. కానీ ఆవిడ బాధ నన్ను విమానం ఎక్కించదు కదా.

టికెట్ డబ్బు వీళ్ళని అడుగుదామని చాలాసార్లు అనుకున్నాను. వంట చేస్తూ మాటలు కూర్చుకునేదాన్ని. చెక్కు వచ్చాక ఇచ్చేస్తాను, ఊరికే కాదు అని. ఆయన ఉద్యోగం సంగతి గుర్తొచ్చి మింగేసేదాన్ని. ఒకసారి డాక్టరమ్మతో, “ఇలా అయితే వీసా కూడా దాటిపోతుందమ్మా. ఎవరైనా సర్దితే బావుండు,” అని పైపైన అన్నాను. “వచ్చేస్తుందక్కా అడ్వాన్స్. యూనివర్సిటీ వాళ్ళు మాటంటే మాటే,” అని లేచి స్నానానికి వెళ్ళిపోయింది. ఇంకేం అడుగుతాను? ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతున్న వాళ్ళు. ఆ అన్నం వండుతున్నది నేనే అనుకోండి.

జూన్ సగమైంది. కాకినాడలో బడులు తెరిచి ఉంటారు. వాణ్ణి వాళ్ళ అత్త తీసుకెళ్ళి ఉంటుంది. ఆ రోజంతా నాకు ఏ పనీ తిన్నగా సాగలేదు. పప్పు మాడిపోయింది.

ఆ శనివారం డాక్టరమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆయన టీ పెట్టి నాకూ ఒక కప్పు తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు కప్పు తిప్పుతూ ఉండి, “మేడం, ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు,” అన్నాడు.

“అడగండి.”

“టికెట్ మేం కొంటమని మీరొచ్చిన వారమే ఆమెతోని చెప్పించిన గద. మా దగ్గర తీసుకునుడు మీకు ఇష్టం లేదని ఊకున్న. కానీ వీసా దగ్గర పడుతున్నది. ఆ అడ్వాన్స్ రాకుంటె ఎట్ల? నామోషీ అనుకోకండి. చెక్ వచ్చినంక ఇద్దురు.”

నాకు మొదట అర్థం కాలేదు. “నేనెప్పుడు వద్దన్నానండీ?”

ఆయన తల ఎత్తి చూశాడు. “ఆమె చెప్పింది. అడిగితే మీరు ససేమిరా అన్నరని...” అంటూ సగంలో ఆగిపోయాడు. ఏం జరిగిందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆయన మొహం ఎర్రబడింది. “నేను అడుగుత ఆమెను,” అని లేవబోయాడు.

“మీరేమీ అనకండి. నేను మాట్లాడతాను,” అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందో నాకే ఆశ్చర్యం వేసింది. టీ తాగేశాను. కప్పు కడిగి బోర్లించాను.

ఆమె మధ్యాహ్నం దాటాక వచ్చింది. ముందు రోజు పొద్దున్న వెళ్ళిన మనిషి. ఆయన పని ఉన్నట్టు కారు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. పాప పడుకుని ఉంది.

“పాప తిందా అక్కా?”

“తింది. కూర్చో. నీతో మాట్లాడాలి.” అప్పటిదాకా ఆమెని ‘మీరు’ అనేదాన్ని. ఆ క్షణంలో ‘నువ్వు’ వచ్చేసింది.

కూర్చుంది. బూట్ల ముడులు విప్పబోయి, నా మొహం చూసి అలాగే వదిలేసింది.

“టికెట్ డబ్బు ఇస్తానంటే నేను వద్దన్నానని ఆయనతో చెప్పావట.”

కాదంటుందనుకున్నాను. కనీసం ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. “చెప్పాను,” అంది.

“ఎందుకమ్మా?”

“ఆ సోమవారం నాకు ఐసీయూలో డ్యూటీ స్టార్ట్ అయింది. బేబీసిట్టర్ దొరికేదాకా అనుకున్నానక్కా. ఫోన్లు చేశాను. ఒకావిడ నైట్స్ కుదరదంది, ఒకావిడ మా కూర వాసనలు పడవంది. ఇంకో వారం, ఇంకో వారం అనుకుంటూ వచ్చాను.” పాప పడుకున్న గది వైపు చూసింది. “మీరు రాకముందు పొద్దున్నే దాన్ని ఎవరింట్లోనో డ్రాప్ చేస్తే డోర్ పట్టుకుని ఏడ్చేది. నేను కార్‌లో కూర్చుని ఏడ్చి, మొహం తుడుచుకుని రౌండ్స్‌కి వెళ్ళేదాన్ని. మీరొచ్చాక అది ఏడవడం మానేసింది. నేనూ మానేశాను. ఈయనకి జాబ్ ఉంటుందో ఊడుతుందో తెలీదు. నేను ఈ ట్రైనింగ్ మధ్యలో ఆపానంటే ఇక ఎక్కడా తీసుకోరు. మీరు వెళ్ళిపోతారంటే నాకు ఊపిరాడలేదు.”

నాకు చాలా కోపంగా ఉంది. అరవడం చేతకాని మనిషిని. క్లాసులో కూడా ఎప్పుడూ అరవలేదు.

“నా కొడుక్కి ఆరేళ్ళు,” అన్నాను. “వాడు మొన్న కొత్త బడికి వెళ్ళాడు. నేను తీసుకెళ్తానని రాశాను. రెండేళ్ళుగా వాడికి అన్నం కలిపి పెడుతున్నది నేను కాదు. ఇక్కడ కూర్చుని నీ కూతురికి కలిపి పెడుతున్నాను. నన్ను అడిగి ఉంటే ఉండేదాన్నేమో. అడగాల్సింది.”

“అడిగితే ఉండేవారా?”

బహుశా ఉండేదాన్ని కాదు. ఆ సంగతి ఆమెకి ముందే తెలుసు.

“సారీ అక్కా,” అంది చివరికి. ఆ మాట అంటూనే తల బల్ల మీద ఆనించింది. చూస్తుండగానే నిద్రపోయింది. ఇంత జరిగాక ఎవరైనా నిద్రపోతారా అని మండిపోయింది నాకు. ముప్ఫై గంటలు నిలబడ్డ మనిషి నిద్రపోతుందని తరవాత అనిపించింది. చాలాసేపు ఎదురుగా కూర్చుని ఆ పిల్ల నడినెత్తిన తెల్లబడుతున్న వెంట్రుకలు చూశాను. అప్పటికి ఆమెకి ముప్ఫై నిండి ఎంతో కాలం కాలేదు. ఆ తరవాత లేచి ఆమె బూట్లు విప్పాను. ప్రేమతోనో జాలితోనో కాదు. వాటికున్న మట్టి కార్పెట్ మీద రాలుతోంది.

క్షమించానా అని ఇప్పుడెవరైనా అడిగితే చెప్పలేను. అలసిపోయినవాళ్ళకి కోపం కూడా ఎక్కువసేపు నిలబడదు. అంతే.

సోమవారం ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి, ఒక గుజరాతీ ట్రావెల్ ఏజెంటు దగ్గరికి తీసుకెళ్ళి క్రెడిట్ కార్డు మీద టికెట్ కొన్నాడు. వేసవి రద్దీ. నెల ముందు కొని ఉంటే ఎంతో తక్కువ పడేదట. శుక్రవారానికి సీటు దొరికింది. ఆ తరవాత రెండు రోజులకి వీసా గడువు అయిపోతుంది.

ఆ నాలుగు రోజులూ నేను ఆ ఇంట్లో ఏ పనీ ముట్టుకోకుండా కూర్చోవచ్చు. కూర్చోలేకపోయాను. మంగళవారం సాయంత్రం పాపని పార్కుకి తీసుకెళ్తే, పక్క బ్లాకులో ఉండే పంజాబీ పెద్దావిడ కనిపించింది. కొడుకూ కోడలూ పనికి వెళ్తే పగలంతా ఒక్కతే కిటికీ దగ్గర కూర్చునేది. నాకొచ్చిన హిందీ అంతంత మాత్రం, ఆవిడకి వేరే భాష రాదు. పాప మాత్రం ఆవిడ ఒళ్ళో ఎక్కి కూర్చుని గాజులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మర్నాడు డాక్టరమ్మని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ కోడలితో మాట్లాడాం. పగటిపూట చూస్తామన్నారు. జీతం సంగతి వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకున్నారు. తిరిగి నడిచి వస్తుంటే డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. పట్టుకోనిచ్చాను.

గురువారం సాయంత్రం నా చీరలన్నీ తనే ఇస్త్రీ చేసింది. వద్దన్నా వినలేదు. చేతకాని ఇస్త్రీ. మడతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నేను సరిచేయకుండా అలాగే పెట్టెలో పెట్టాను. శుక్రవారం ఆమెకి డ్యూటీ. నేను లేచేసరికి వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టుకి ఆయనా పాపా వచ్చారు. “ఆంటీ, టుమారో వస్తావా?” అని అడిగింది పాప. చెక్‌-ఇన్ దగ్గర పెట్టె బరువు ఎక్కువైందని రెండు పుస్తకాలు తీయించారు. ఆ హడావిడిలో పాపకి నేనేం జవాబిచ్చానో గుర్తు లేదు.

న్యూయార్క్, లండన్, బొంబాయి, హైదరాబాద్. ప్రతిచోటా బోర్డింగ్ పాసు ముక్కని చేతిసంచీలో లోపలి అరలో దాచుకుంటూ వచ్చాను. అందరూ పిల్లల ఫొటోలు దాచుకునే అరలో నేను చిరిగిన అట్టముక్కలు దాచుకున్నాను. హైదరాబాద్‌కి మావారు వచ్చారు. సన్నబడ్డారు. ఒకర్నొకరం చూసి నవ్వుకుని, పెట్టెలు చెరొకటి పట్టుకుని రైల్వే స్టేషన్‌కి వెళ్ళాం.

కాకినాడలో ఆటో దిగేసరికి అమ్మాయి పరిగెత్తుకొచ్చి చుట్టుకుంది. అబ్బాయి అత్త చీర వెనక నిలబడ్డాడు. సాయంత్రందాకా దూరం నుంచే చూశాడు. రాత్రి పక్కలు వేస్తుంటే దగ్గరికొచ్చి, “మీరు ఎక్కడ పడుకుంటారు?” అని అడిగాడు.

“అమ్మని మీరంటారట్రా?” అని మా ఆడపడుచు గదిమింది. గదమవద్దన్నాను. వాడి తప్పేముంది, వచ్చిన చుట్టాన్ని అడిగే ప్రశ్నే అడిగాడు. వాడి నోట్లోంచి ‘నువ్వు’ రావడానికి ఆ వానాకాలమంతా పట్టింది. ఆ మాట వచ్చిన రోజు మాత్రం వాడు గమనించలేదు. చెప్పు తెగిందని నా మీద విసుక్కుంటూ అనేశాడు.

వచ్చిన వారంలోనే టికెట్ కాగితం, అట్టముక్కలు రిజిస్టర్ పోస్టులో పంపాను. డబ్బు నేరుగా ట్రాయ్ వాళ్ళకి పంపమని రాశాను. దసరా వెళ్ళాక జవాబొచ్చింది. లండన్ నుంచి బొంబాయి బోర్డింగ్ పాసు లేదట. ఇల్లంతా వెతికాం. దొరకలేదు. దారిలోనే ఎక్కడో జారిపోయి ఉంటుంది. లండన్‌లో విమానం ఎక్కకుండా బొంబాయిలో ఎలా దిగుతానని మావారు ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. పాస్‌పోర్టు మీద బొంబాయిలో వేసిన ముద్ర ఫొటోకాపీ తీసి, గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టించి పంపాం. ఆ ఫొటోకాపీ కోసమే ఊరంతా తిరిగాం.

చలికాలంలో చెక్కు వచ్చింది. ట్రాయ్‌కి కాదు, కాకినాడకి, నా పేరు మీద. వేరేవాళ్ళ పేరు మీద ఇవ్వడానికి వీల్లేదట. పైగా మొత్తం కాదు. యూనివర్సిటీ ఊరి నుంచి మామూలు రోజుల్లో అయ్యే ఛార్జీ మాత్రమే ఇస్తారట. వేసవి రద్దీలో ఆఖరి నిమిషంలో కొనడం నా ఇష్టమట. సెక్రటరీ అడుగున తన చేత్తో ‘నేను చేయగలిగిందంతా చేశాను’ అని ఒక వాక్యం రాసింది. ఆవిడ చేసే ఉంటుంది.

ఆ చెక్కుని మా బ్యాంకు వాళ్ళు బొంబాయికీ, అక్కడి నుంచి అమెరికాకీ పంపి, డబ్బు మా ఖాతాలో పడేసరికి ఎండాకాలం వచ్చింది. పడింది రూపాయల్లో. ఆ రోజుల్లో ఇక్కడి నుంచి డాలర్లు బయటికి పంపడం మాలాంటి వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. తెనాలిలో వాళ్ళ అన్నయ్యకి ఇచ్చేయమని డాక్టరమ్మ రాసింది. తగ్గిన మొత్తం గురించి మేం రాయలేదు. జీతాల్లోంచి వేసి పూర్తిచేశాం.

ఒక ఆదివారం మావారూ నేనూ తెనాలి వెళ్ళాం. వాళ్ళన్నయ్యకి ఎరువుల కొట్టు. మర్యాదగా ఇంట్లో కూర్చోబెట్టాడు. డబ్బు ఇస్తే తీసుకుని లోపల పెట్టొచ్చాడు. భోజనం చేస్తే గానీ కదలనివ్వమన్నారు. వడ్డిస్తూ డాక్టరమ్మ వదినగారు నా పక్కకి వంగి, మగవాళ్ళకి వినపడకుండా అడిగింది.

“మా ఆడపడుచు ఎలా ఉందండీ అక్కడ? ఎప్పుడు ఫోన్ చేసినా బాగానే ఉన్నానంటుంది. నిమిషంలో పెట్టేస్తుంది. మీరు నెలరోజులు కూడా ఉన్నారుగా, నిజం చెప్పండి.”

ఆవిడ చేతిలో నెయ్యి గిన్నె ఉంది. నా జవాబు కోసం గరిటె అలాగే పట్టుకుని నిలబడింది.

“బాగానే ఉందండీ,” అన్నాను. “పని ఎక్కువ. పాపని ఒక పెద్దావిడ చూస్తున్నారు. మంచావిడ.”

“అయితే పర్లేదు,” అని నెయ్యి వేసింది ఆవిడ. ఇంకో ముద్ద కలుపుకోమని బలవంతం చేసింది. కలుపుకున్నాను.

సాయంత్రం రైల్లో సీటు దొరికింది. విజయవాడ దాటకముందే నిద్ర పట్టేసింది. సామర్లకోటలో దిగాలని మావారు లేపేదాకా మెలకువ రాలేదు.